చెప్పు ఎందుకు కరుస్తుంది?

నోరు లేదు, పళ్ళు లేవు, అయినా కరుస్తుంది. అదేమిటో చెప్పుకోండి చూద్దాం!

కొత్త చెప్పు. దీపావళి వెళ్ళిన తరవాత పాలమూరు సీమలో, అంటే మహబూబునగరం జిల్లాలో, కురుమూర్తి జాతర జరుగుతుంది. ఎన్నెన్నో వూళ్ళ నుంచి జనం ఆ గుట్టకు వస్తారు. జాతర కోసమని కొత్త చెప్పులు కొనుక్కుని, ఆ చెప్పులతోనే గుట్టకు నడిచినవాణ్ణి సాయంత్రం చూడండి. వెళ్ళేటప్పుడు కాళ్ళకు వున్న చెప్పులు వచ్చేటప్పుడు చేతిలో వుంటాయి. "ఏమయిందిరా?" అంటే, "చెప్పు కరిచింది" అంటాడు.

కుక్క కరుస్తుంది, పాము కరుస్తుంది. వాటికి పళ్ళున్నాయి. ఎప్పుడో చచ్చిన పశువు తోలుతో కుట్టిన చెప్పు ఎట్లా కరుస్తుంది? ప్రశ్న చిన్నదే. కాని దీని జవాబు వెంటబడి పోతే నల్లగొండ తంగేడు చెట్ల నుంచి కెనడాలో మంచు మీద ఆడే ఆట దాకా, అక్కడి నుంచి వేలూరు ఆస్పత్రి దాకా పోవలసి వస్తుంది. పోదాం పదండి.

ముందు ఒక చిన్న పరీక్ష. మీ ఎడమచేతి వెనకభాగం మీద కుడిచేతి చూపుడువేలు గట్టిగా ఆనించండి. వేలు జారిపోకుండా మెల్లగా పక్కకు లాగండి. చర్మం వేలితో పాటు కదిలింది కదా? దాని కింద వున్న ఎముక మాత్రం కదలలేదు. ఎముక వున్నచోటనే వున్నది, పై చర్మం ఇంకొకవైపు పోయింది. మధ్యనున్న పొరలన్నీ సాగాయన్న మాట.

ఒకసారి సాగితే ఏమీ కాదు. కాని పెద్దమనిషి ఒక కిలోమీటరు నడిస్తే ఒక్కొక్క కాలు సుమారు ఏడువందలసార్లు నేల మీద పడుతుంది. మీ వంటి పిల్లల అడుగులు చిన్నవి కనక ఇంకా ఎక్కువసార్లే పడుతుంది. పడిన ప్రతిసారీ మడమ ఎముక లోపల ఒకవైపు జరుగుతుంది, బిగుతుగా వున్న చెప్పువారు పైచర్మాన్ని కదలనివ్వకుండా పట్టుకుంటుంది. చర్మం ఉల్లిపాయలాగా పొరలు పొరలుగా వుంటుంది. వందలసార్లు సాగి సాగి ఆ పొరలలో ఒకచోట చీలిక ఏర్పడుతుంది. ఆ సందులోకి వొంట్లోని నీరు వూరి వచ్చి చేరుతుంది. దాన్నే కొందరు బొబ్బ అంటారు, కొందరు పొక్కు అంటారు. చెప్పుకు పళ్ళు లేవు కాని, ఓపిక వున్నది. అదే దాని కాటు.

పొక్కులోని నీరు చెడునీరని చాలామంది అనుకుంటారు. సూది పెట్టి పొడిచి, పై తోలు పీకిపారేసేదాకా వాళ్ళకు నిద్రపట్టదు. నిజానికి ఆ నీరు లోపలి లేత చర్మానికి దిండువంటిది. పై తోలు ఖర్చు లేని కట్టు. దాని చాటున కొత్త చర్మం తయారవుతూ వుంటుంది. తయారయాక పొక్కు దానంతట అదే ఎండిపోతుంది. అందుకని చిన్న పొక్కును ముట్టుకోకపోవటమే మంచిది. శుభ్రమయిన గుడ్డ మెత్తగా మడిచి, మధ్యన పొక్కు పట్టేటంత కన్నం చేసి చుట్టూ పెడితే, ఒత్తిడి ఆ గుడ్డ మీద పడుతుంది గాని పొక్కు మీద పడదు. దానంతట అది పగిలిపోతే సబ్బుతో, మంచినీళ్ళతో కడిగి, వేలాడుతున్న తోలును పీకకుండా దాన్నే పైన కప్పి కట్టు కట్టాలి. ఎర్రదనం చుట్టూ పాకుతున్నా, చీము పట్టినా, జ్వరం వచ్చినా ఆకుపసర్లు పూసుకుంటూ కూర్చోక డాక్టరు దగ్గిరికి పోవాలి.

అయితే పొక్కు వచ్చేముందు కాలు ఒకసారి హెచ్చరిస్తుంది. ఒకేచోట వేడిగా, చురుక్కు చురుక్కుమంటూ వుంటుంది. చెప్పు విప్పి చూస్తే ఆ చోటు ఎర్రగా కనిపిస్తుంది. ఆటలో వున్నవాడు "ఇంకొక్క అయిదు నిమిషాలు" అనుకుంటాడు. ఆ అయిదు నిమిషాలలోనే పొరలు చీలతాయి. అక్కడే ఆగి, ఆ చోటున నున్నటి పట్టీ ఏదైనా అంటించుకున్నవాడు మర్నాడు కూడా ఆడతాడు. ఆగనివాడు నాలుగురోజులు గట్టున కూర్చుని చూస్తాడు.

తడి కూడా చెప్పుకు సాయం చేస్తుంది. మన వొంట్లో చెమటగ్రంథులు అత్యంత దట్టంగా వుండే చోట్లలో అరికాలు ఒకటి. చెమ్మగిల్లిన చర్మం చెప్పుకు పట్టుకుంటుంది, నున్నగా జారదు. వానాకాలంలో తడిసిన మేజోళ్ళతో బడికి నడిచేవాళ్ళకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. వేళ్ళ సందులు తుడుచుకుని, పొడి మేజోళ్ళు వేసుకుంటే సగం బాధ తప్పుతుంది.

పొక్కు తొందరపాటు పని అయితే, ఆనె నిదానం మీద జరిగే పని. నెలల తరబడి ఒకేచోట ఒత్తిడి పడితే చర్మం చీలదు, తన్ను తాను కాపాడుకోవటానికి మందమవుతుంది. నాగలి పట్టే రైతు అరచేయి చూడండి, వడ్రంగి వేళ్ళు చూడండి. అక్కడ కాయలు కాయటం మంచిదే. కాని చెప్పు ఇరుకయి, వేలి ఎముక మీద ఒకే చుక్కమీద ఒత్తుకుంటే ఆ మందమయిన చర్మం మేకులాగా లోపలికి మొన దేలుతుంది. అదే ఆనె. అడుగు వేసినప్పుడల్లా ఆ మేకు గుచ్చుకుంటుంది. కొంతమంది బ్లేడు తీసుకుని దాన్ని చెక్కుతారు. ఇది చాలా ప్రమాదం. పైగా ఎంత చెక్కినా చెప్పు మారనంతకాలం ఆనె మళ్ళీ వస్తూనే వుంటుంది. చర్మం తన పని తాను చేస్తున్నది, తప్పు చెప్పుది.

మరి కరవని చెప్పు ఎట్లా చెయ్యాలి? ఈ సంగతి నల్లగొండ, మహబూబునగరం పల్లెలలో చెప్పులు కుట్టే మాదిగ పనివారికి బాగా తెలుసు. ఇవాళ ఆ జిల్లాలు ముక్కలయి సూర్యాపేట, నాగర్‌కర్నూలు, వనపర్తి, ఇంకా మరికొన్ని జిల్లాలుగా ఏర్పడ్డాయి. పల్లెలలో తోలు వూనేవాళ్ళు కూడా బహుకొద్దిమందే మిగిలారు. ఫ్యాక్టరీలో తయారయిన రబ్బరు చెప్పులూ, ప్లాస్టిక్ బూట్లూ అన్ని సంతలలోనూ దొరుకుతున్నాయి. కాని వాళ్ళ పద్ధతి తెలుసుకోదగినది.

పచ్చితోలు రెండురోజులలో కుళ్ళుతుంది, ఎండితే చెక్కలాగా బిగుసుకుపోతుంది. దాన్ని ముందు సున్నపు నీళ్ళలో నానవేసి వెంట్రుకలు ఊడదీసేవారు. ఆ తరవాత తంగేడు చెక్క దంచి నానవేసిన నీళ్ళలో వూనవేసేవారు. ఇందుకోసం వూరి బయట 'లంద' అనే తొట్టి వుండేది. తంగేడు మీకందరికీ తెలుసు. బతుకమ్మలో పేర్చే పసుపుపచ్చని పువ్వు, 2014లో తెలంగాణ రాష్ట్రపుష్పమయింది. ఆ చెట్టు బెరడులో వగరు పదార్థం వుంటుంది. కరక్కాయ కొరికితే నాలుక ముడుచుకుపోయినట్టవుతుంది చూడండి, అటువంటిదే ఇది. ఈ వగరు పోయి తోలులోని పోగులను పట్టుకుంటుంది. అప్పుడు కుళ్ళు పుట్టించే క్రిములు వాటిని తినలేవు. పువ్వు బతుకమ్మకు, బెరడు చెప్పుకు! ఒక్క చెట్టు ఇన్ని పనులు చేస్తుంటే మనం దాన్ని తుప్ప అంటాం.

తోలు కుళ్ళకపోతే చాలదు, వంగాలి కూడా. ఇక్కడ ఆముదం వస్తుంది. పాలమూరు, నల్లగొండ ఎర్రనేలలు ఒకప్పుడు ఆముదాల పంటకు పేరుమోసినవి. ఇప్పుడా చేలలో చాలావరకు పత్తి కనిపిస్తుంది. ఆముదం చిక్కటి నూనె, తొందరగా ఆరిపోదు. తోలు మీద పట్టించి ఒక రాత్రి వుంచితే పోగుల మధ్యకు దిగుతుంది. నూనె తగిలిన పోగులు ఒకదానిమీద ఒకటి జారతాయి. తోలు మెత్తబడి, కాలు ఎటు వంగితే అటు వంగుతుంది. బండికి కందెన పెట్టినట్టే. ఎండాకాలంలో ఇక్కడి బండలు కాలిపోతుంటాయి. ఆ వేడికి తోలులోని చమురు ఆవిరయినట్టు అయిపోయి చెప్పు గిడసబారుతుంది. నిరుడు కరవని చెప్పు ఈ యేడు కరవటానికి కారణం ఇదే. మళ్ళీ ఆముదం పట్టించాలి.

ఇక కొలత. పల్లె పనివాడి దగ్గర నంబర్లు వుండవు. నిలబడి తోలు మీదనే కాలు మోపమంటాడు. చుట్టూ గీత గీస్తాడు. రెండు కాళ్ళకూ వేరువేరుగా గీస్తాడు. ఎందుకంటే చాలామందికి ఒక కాలు కంటే ఇంకొకటి కొంచెం పొడుగు. కూర్చున్నవాడి పాదం వేరు, నిలబడ్డవాడి పాదం వేరు. వొళ్ళు బరువంతా పడ్డప్పుడు పాదం పొడుగుకూ వెడల్పుకూ సాగుతుంది. రంపెతో తోలు కోసి, ఆరెతో కన్నాలు పొడిచి కుట్టి, బొటనవేలు దూరే ఉంగటం పెట్టి, "నడిచి చూడు బిడ్డా" అంటాడు. ఎక్కడ ఒరుసుకుంటున్నదో చెబితే అక్కడ కొడవటికొట్టు కాదు, ఒక చిన్న గూటపు దెబ్బ వేసి, తోలు సాగదీసి ఇస్తాడు. కాలికి తగినట్టు చెప్పును మార్చాడు గాని, చెప్పుకు తగినట్టు కాలును మార్చుకోమనలేదు.

ఇంత పనితనం తెలిసినవాళ్ళ కాళ్ళకు చెప్పులుండేవా? ఈ కథ కూడా తెలుసుకోవాలి. నిజాము రోజులలో ఇక్కడి వూళ్ళలో దొరల గడీలుండేవి. గడీ ముందు నుంచి పోవలసివస్తే పేదకులాలవాళ్ళు చెప్పులు విడిచి చేత్తో పట్టుకుని పోవాలి. మాదిగవాళ్ళు దొరకు చెప్పులు, మోటకు కావలసిన తోలు సామాను, ఎద్దులకు వార్లు వెట్టికి కుట్టి ఇవ్వాలి. వెట్టి అంటే కూలి లేని చాకిరి. 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ సాయుధ పోరాటానికి ఈ వెట్టి ఒక పెద్ద కారణం. నల్లగొండ జిల్లా ఆ పోరాటానికి గుండెకాయ వంటిది. చెప్పులు కుట్టి ఇచ్చి, తాను మాత్రం వైశాఖమాసపు మిట్టమధ్యాహ్నం బండల మీద వట్టికాళ్ళతో నడిచినవాడి అరికాలు ఎట్లా మండి వుంటుందో ఊహించుకోండి.

చిత్రమేమిటంటే, మనం మొదట చెప్పుకున్న కురుమూర్తి జాతరలో అన్నిటికంటె పెద్ద సంబరం చెప్పులదే! స్వామివారి పాదుకలను అక్కడ ఉద్దాలు అంటారు. వాటిని దగ్గరలోని వడ్డెమాన్ అనే వూళ్ళో మాదిగ పనివారు నియమనిష్ఠలతో తయారు చేస్తారు. ఆ ఉద్దాలను వూరేగింపుగా గుట్టకు తీసుకువస్తుంటే వేలమంది ఎదురుచూస్తారు.

మంచి చెప్పుల విలువ గొల్లకురుమలకు తెలిసినంతగా మరెవరికీ తెలియదేమో. ఎండాకాలం మేత దొరకనప్పుడు పాలమూరు కాపరులు గొర్రెలమందలను తోలుకుని కృష్ణ దాటి, నెలల తరబడి నడుస్తారు. దారి పొడుగునా పల్లేరుకాయలు, తుమ్మముళ్ళు. సర్కారుతుమ్మ ముల్లు పలచటి రబ్బరు చెప్పులోంచి సూదిలాగా పైకి వస్తుంది. అందుకని వాళ్ళ చెప్పుల అట్ట మందంగా వుంటుంది. మందపు చెప్పు ముల్లును ఆపుతుంది కాని, కొత్తదయితే గట్టిగా కరుస్తుంది. కనక ముందు ఇంటి దగ్గర కొద్దికొద్దిసేపు తొడుక్కుని దాన్ని మచ్చిక చేసుకోవాలి. మొదటిరోజు గంట, మర్నాడు రెండు గంటలు. కొత్త ఎద్దును కాడికి అలవాటు చేసినట్టే. మీ కొత్త బడిబూట్లకు కూడా ఇదే పద్ధతి. బడి తెరిచే రోజున మొదటిసారి తొడుక్కోకండి, వారం ముందే మొదలుపెట్టండి.

బూట్లు దుకాణంలో కొనేటప్పుడు సాయంత్రం పూట పొండి. పగలంతా నిలబడి నడిచినందువల్ల సాయంత్రానికి పాదం కాస్త ఉబ్బుతుంది. పొద్దున సరిపోయిన బూటు సాయంత్రానికి కరవవచ్చు. రెండూ తొడుక్కుని నిలబడండి. అన్నిటికంటె పొడుగువేలికీ బూటు కొసకూ మధ్య ఒక బొటనవేలి వెడల్పు చోటు వుండాలి. పిల్లవాడు ఎదుగుతాడు కదా అని మూడు నంబర్లు పెద్దది కొనే నాన్నలు చాలామంది వున్నారు. ఇరుకు బూటు ఒత్తుకుంటే, వదులు బూటు ఒరుసుకుంటుంది. రెండూ కరిచేవే.

నల్లగొండలో బూట్లకు చోటు వదలమన్నాం. కాని చోటు వదలకూడని బూటు ఒకటున్నది. అది మంచుహాకీ ఆటగాడి బూటు.

మన సీమలో నీరు గడ్డకట్టాలంటే ఐస్‌ఫ్యాక్టరీకి పోవాలి. కాని కెనడాలో శీతకాలం చెరువులన్నీ గడ్డకడతాయి. ఆ దేశంలో మాంట్రియల్ నగరంలో 1875 మార్చి 3న ఒక పెద్ద కప్పు కింద, మంచు మీద, జట్టుకు తొమ్మిదిమంది చొప్పున హాకీ ఆడారు. ఇవాళ్టి మంచుహాకీకి అదే ఆరంభమంటారు. ఇప్పుడు జట్టుకు ఆరుగురు. బంతికి బదులు బిళ్ళ. బూటు అడుగున కత్తివంటి ఉక్కుపట్టీ. ఉద్యోగాల కోసం అక్కడికి వెళ్ళి స్థిరపడిన తెలుగువాళ్ళ పిల్లలు కూడా ఈ ఆట నేర్చుకుంటున్నారు. మన దేశంలో లదాఖ్ పిల్లలు దీనిలో ఆరితేరినవాళ్ళు. 2025లో ఆసియా కప్పు పోటీలలో మన ఆడపిల్లల జట్టు కాంస్యపతకం గెలిచింది, ఆ జట్టులో ఎక్కువమంది లదాఖ్‌వాళ్ళే.

ఒక సన్నటి ఉక్కుపట్టీ మీద నిలబడి, గాలిలాగా పోతూ, చటుక్కున తిరగాలంటే బూటు లోపల పాదం కదలకూడదు. అందుకని ఆ బూటు చెక్కలాగా గట్టిగా వుంటుంది. మామూలు బూటు కంటే ఒకటి, ఒకటిన్నర నంబర్లు తక్కువదే తొడుగుతారు. నిటారుగా నిలబడితే వేళ్ళు కొసకు ఇట్టే తగలాలి. మోకాళ్ళు వంచితే మడమ వెనక్కు జరిగి వేళ్ళకు చోటు దొరకాలి. ఇంత బిగువులో పాదానికి నొప్పి రాకుండా వుంటుందా? వస్తుంది. అన్నిటికంటె పేరుపడ్డ నొప్పి పాదం పైభాగాన, చీలమండ వంగేచోట వస్తుంది. అక్కడ వేళ్ళను పైకెత్తే నరాలవంటి కండరతాళ్ళు చర్మం కిందనే వుంటాయి. వాటిమీద బూటు నాలుకా, బిగించిన లేసూ ఒత్తుకుని, ఒరుసుకుని వాపు వస్తుంది. దీనికి ఆ ఆటగాళ్ళు పెట్టిన పేరేమిటో తెలుసా? 'లేసుకాటు' అని అర్థం వచ్చే మాట! కురుమూర్తిలో చెప్పు కరిస్తే, మాంట్రియల్‌లో లేసు కరిచింది.

మందు కూడా మన వూరి పనివాడి మందువంటిదే. కొత్త బూటును దుకాణంలోనే ప్రత్యేకమయిన పెట్టెలో కాస్త వేడిచేసి, మెత్తబడ్డప్పుడు తొడుక్కుని కూర్చోమంటారు. చల్లారేసరికి అది పాదం ఆకారానికి వస్తుంది. చీలమండ ఎముక దగ్గర ఒత్తుకుంటే యంత్రంతో అక్కడ మటుకు బయటికి ఉబ్బేటట్టు సాగదీస్తారు. మన పనివాడు ఆముదంతో, గూటంతో చేసింది వాళ్ళు వేడితో, యంత్రంతో చేస్తున్నారు. లేసు కట్టేముందు మడమను నేలకేసి తట్టి వెనక్కు జరిపి, అప్పుడు బిగించాలి. నొప్పి వున్నచోట ఒక కన్నం వదిలేసి లేసు దూర్చవచ్చు. నాలుక కింద మెత్తటి దిండు పెట్టవచ్చు. వేళ్ళు తిమ్మిరెక్కితే లేసు మరీ బిగుతయిందన్న మాటే. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు అరికాలి వంపులో నొప్పి వస్తుంది. పడిపోతామనే భయంతో చెట్టుకొమ్మను పట్టుకున్న కోతిలాగా వేళ్ళు ముడుచుకుని వుంటారు, అందుకని కండరాలు అలిసిపోతాయి. భయం పోతే ఆ నొప్పి కూడా పోతుంది. ఆట అయాక వాపు వున్నచోట గుడ్డలో చుట్టిన మంచుగడ్డ పది పదిహేను నిమిషాలు పెట్టి, నాలుగురోజులు ఆ బూటు ముట్టకుండా వుంటే తగ్గుతుంది. తగ్గకపోతే డాక్టరు చూడాలి. హైదరాబాదులో చక్రాల స్కేట్ల మీద తిరిగే పిల్లలకు కూడా ఇవన్నీ పనికివస్తాయి.

ఇంతసేపూ నొప్పిని తిట్టుకున్నాం. ఒక్కసారి నొప్పి అసలే లేదనుకోండి. ఎంత హాయి! కాదు, కాదు. ఈ సంగతి కనిపెట్టిన డాక్టరు పాల్ బ్రాండ్. ఆయన తల్లిదండ్రులు ఇంగ్లీషువాళ్ళు, ఆయన మాత్రం 1914లో తమిళదేశంలోని కొల్లి కొండలలో పుట్టాడు. 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో చేరి కుష్ఠురోగులకు వైద్యం చెయ్యసాగాడు. ఆ రోజులలో అందరూ, ఆ జబ్బు వస్తే కాలివేళ్ళు వాటంతట అవే కుళ్ళి రాలిపోతాయని అనుకునేవారు. బ్రాండ్ జాగ్రత్తగా గమనించాడు. ఆ రోగంలో క్రిములు నరాలను పాడుచేస్తాయి, అందువల్ల పాదానికి స్పర్శ పోతుంది. ఇరుకుచెప్పు కరిచినా తెలియదు. మేకు దిగినా తెలియదు. పొక్కు పగిలి పుండయినా దానిమీదనే నడుస్తారు. వేళ్ళు పోవటానికి కారణం మాంసం చెడటం కాదు, నొప్పి లేకపోవటం!

ఒకసారి బ్రాండ్ ఇంగ్లండులో సుదీర్ఘ రైలుప్రయాణం చేసి, రాత్రి బసలో మేజోడు విప్పేసరికి మడమకు స్పర్శ లేనట్టనిపించింది. సూది తీసుకుని గుచ్చుకున్నాడు. నొప్పి లేదు! తనకు కూడా ఆ రోగం వచ్చిందనుకుని ఆ రాత్రంతా నిద్రపోలేదు. తెల్లవారాక మళ్ళీ గుచ్చుకున్నాడు. ఈసారి చురుక్కుమన్నది. రైలులో కదలక కూర్చున్నందువల్ల కాలు మొద్దుబారిందంతే. సూది గుచ్చుకున్నందుకు అంత సంతోషించిన మనిషి మరొకడు వుండడు.

వేలూరులో స్పర్శలేని పాదాల కోసం మెత్తటి, సన్నసన్నటి గాలిగదులున్న రబ్బరు అట్టతో చెప్పులు చేశారు. ఎం.సి.ఆర్. చెప్పులంటే అవే. ఇవాళ కుష్ఠు మందులతో పూర్తిగా నయమవుతుంది. కాని ఆ చెప్పుల అవసరం తీరలేదు, వేరే జబ్బుకు పనికివస్తున్నాయి. అది షుగరు జబ్బు. చాలా యేళ్ళు షుగరు వుంటే పాదాల నరాలు మెల్లగా మొద్దుబారవచ్చు. అటువంటి తాత కాలి నుంచి చెప్పు జారిపోయినా ఆయనకు తెలియదు, చెప్పులో గులకరాయి వున్నా సాయంత్రం దాకా దానిమీదనే నడుస్తాడు. పుండు పడితే తొందరగా మానదు. ఒక్కొక్కసారి కాలే తీసివెయ్యవలసి వస్తుంది.

ఇక్కడ మీతో పని వున్నది. తాతకు వంగి తన అరికాలు తాను చూసుకోవటం కష్టం, కళ్ళు కూడా సరిగ్గా కనిపించవు. మీ కళ్ళు మంచివి. మీ ఇంట్లో తాతకో అవ్వకో షుగరు వుంటే రోజూ పడుకోబోయే ముందు వాళ్ళ పాదాలను దీపం వెలుతురులో చూడండి. అరికాలు, మడమ వెనక, వేళ్ళ సందులు, అన్నీ. ఎరుపు, పొక్కు, పగులు, ముల్లు, తడి, వీటిలో ఏది కనిపించినా నొప్పి వుందా అని అడగవద్దు. ఆయన లేదనే అంటాడు. వెంటనే ఇంట్లో పెద్దవాళ్ళకు చెప్పి డాక్టరుకు చూపించండి. పొద్దున ఆయన చెప్పులు తొడుక్కునేముందు వాటిని బోర్లించి తట్టండి. ఆ తరవాత చెయ్యి లోపలికి పెట్టి తడిమి చూడండి. మేకు మొనగాని, విరిగిన ముల్లుగాని వుంటే మీ వేలికి తగులుతుంది.